‘ఇబ్బందులు తొలగించే అధికారం’ ఇంకో మూడేళ్లు కావాలట. అభిప్రాయం పంపితే ఎవరైనా చదువుతారా?

ఊరికే_అడిగా
మా రాష్ట్రంలో ఒక శాఖ సైట్‌లో ముసాయిదా సవరణ బిల్లు పెట్టారు. శాఖ పేరు చెప్పను, చెబితే చర్చ పార్టీల మీదకి పోతుంది. సర్టిఫికెట్లు, లైసెన్సులు, పేరు మార్పిడులు లాంటి సేవలన్నిటినీ ఒకే చట్టం కిందకి తెచ్చి మూడేళ్లవుతోంది. అందులో ‘ఇబ్బందులు తొలగించే అధికారం’ అని ఒక సెక్షన్ ఉంది. అమలులో చిక్కు వస్తే సభకు వెళ్లకుండానే ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చి సరిచేసుకోవచ్చు. ఆ అధికారానికి మూడేళ్ల గడువు పెట్టారు. అది అయిపోవస్తోంది కాబట్టి ఇంకో మూడేళ్లు పొడిగిస్తామని క్లాజ్ 2.

అంతవరకు సరే అనుకున్నా. క్లాజ్ 4 దగ్గర ఆగిపోయాను. ఏ సేవ జాబితాలో ఉండాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఫీజు ఎంత, ఇవ్వకపోతే అప్పీలు ఎవరికి చేసుకోవాలి, ఇవన్నీ ఇకపై ఉత్తర్వుతోనే మార్చుకోవచ్చట.

అభిప్రాయాలకు 15 రోజులు ఇచ్చారు. నేను చూసేసరికే తొమ్మిది గడిచాయి. మొత్తం ఇంగ్లిష్‌లోనే, 46 పేజీలు, అదీ స్కాన్ చేసిన పీడీఎఫ్. మూడో పేజీ తలకిందులుగా ఉంది. మెడ తిప్పి చదివాను. ఇంత కష్టపడి రాసి పంపితే ఎవరైనా చదువుతారా, లేక చదవకుండానే ఫైల్లో కట్టేస్తారా?

బెండకాయ_వేపుడు
46 పేజీలు నిజంగా చదివావా? రాష్ట్రం మొత్తం మీద నువ్వు, ఆ టైపిస్టు, మీ ఇద్దరే అయ్యుంటారు.

వేపచెట్టు
టైపిస్టు కూడా చదవడు, పాత బిల్లు నుంచి కాపీ కొడతాడు 😀

కరెంటుబిల్లు
చదువుతారు. కానీ ఎక్కడ పంపామన్న దాన్ని బట్టి ఉంటుంది. నేను కొన్నేళ్లుగా విద్యుత్ నియంత్రణ మండలి విచారణలకు వెళ్తున్నా. 2003 విద్యుత్ చట్టంలోనే రాసి ఉంది, ఛార్జీల ప్రతిపాదన వస్తే జనం అభ్యంతరాలు తీసుకోవాలని, 120 రోజుల్లో మండలి తేల్చాలని. మనం కాగితం మీద రాసి ఇస్తే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు కాగితం మీదే జవాబు ఇస్తారు. టారిఫ్ ఉత్తర్వు తెరిచి చూడండి, ఎవరు ఏమన్నారు, డిస్కం ఏం చెప్పింది, మండలి ఏం నిర్ణయించింది, వరసగా కనిపిస్తుంది. మైకు దగ్గర తెలుగులోనే మాట్లాడతాం. రైతులు వచ్చి లెక్కలడిగితే ఇంజనీర్లకు చెమటలు పట్టిన రోజులున్నాయి.

మీరు చెప్పే శాఖకు అలా జవాబు ఇవ్వాలని ఎక్కడా రాసి లేకపోతే మాత్రం చెప్పలేను.

నల్లకోటు
కరెంటుబిల్లు గారు అసలు తేడా పట్టుకున్నారు. విద్యుత్ విషయంలో వినడం చట్టప్రకారం బాధ్యత. మామూలు బిల్లుల విషయంలో అది మర్యాద మాత్రమే.

కేంద్రంలో 2014లో ఒక విధానం పెట్టారు, చట్టం చేసే ముందు ప్రజలను సంప్రదించాలని. ముసాయిదా కనీసం 30 రోజులు బయట ఉండాలి. ఎందుకు తెస్తున్నారు, ఖర్చెంత, జనం బతుకు మీదా హక్కుల మీదా ప్రభావం ఏమిటి అన్నది చెప్పాలి. సులువైన భాషలో వివరణ నోట్ ఇవ్వాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశం సైట్‌లో పెట్టాలి. చూడ్డానికి బాగుంది. కానీ అది చట్టం కాదు, కార్యనిర్వాహక నిర్ణయం. కుదరకపోతే ఎందుకు కుదరలేదో కారణం రాసుకుని ముందుకు వెళ్లొచ్చు. పైగా అది కేంద్ర మంత్రిత్వ శాఖలకే. మీ రాష్ట్ర శాఖ 15 రోజులు ఇచ్చిందంటే, అసలు ఇవ్వకపోయినా అడిగే దిక్కు లేదన్న మాట.

ఊరికే_అడిగా
అంటే నేను థాంక్స్ చెప్పాలా వాళ్లకి?

నల్లకోటు
థాంక్స్ తర్వాత చెప్పొచ్చు, ముందు సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చూడండి. ముఖ్యమైన విధానాలు తయారు చేసేటప్పుడు సంబంధిత వాస్తవాలు ప్రచురించాలని అందులో ఉంది. అది రాష్ట్రాలకూ వర్తిస్తుంది. గడిచిన మూడేళ్లలో ఈ అధికారం కింద ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారు, ఒక్కోటి ఏ ఇబ్బంది తొలగించింది? ఈ జాబితా అడగండి. పొడిగింపు అడిగేవాళ్లు పాత లెక్క చూపించాలి కదా.

పాత_ఫైలు
రిటైరై నాలుగేళ్లయింది, సచివాలయంలో సూపరింటెండెంట్‌గా చేశాను. అవతలి వైపు కూడా కొంచెం వినండి.

చట్టం రాసేటప్పుడు అన్నీ ఊహించలేం. నా సర్వీసులో ఒక చట్టంలో ‘మరియు’ ఉండాల్సిన చోట ‘లేదా’ పడింది. దాంతో రెండు పత్రాలు ఇవ్వాల్సినవాళ్లు ఒకటే ఇచ్చి పట్టుబట్టేవారు. ఒక్క మాట మార్చడానికి సభ పెట్టాలి, సభ పెట్టినా మన బిల్లు అజెండాలో ఎక్కాలి. ఎనిమిది నెలలు పట్టింది. అన్నాళ్లూ కౌంటర్ దగ్గర తిట్లు తిన్నది మంత్రి కాదు, మా గుమాస్తా. ఈ సెక్షన్ అలాంటి వాటి కోసం పుట్టింది. ‘ఈ చట్టానికి విరుద్ధం కాకుండా’ అనే మాట కూడా దాదాపు ప్రతి చట్టంలోనూ ఉంటుంది. ఉత్తర్వును తర్వాత సభ ముందు పెడతారు. అంత భయపడాల్సింది ఏమీ లేదు.

మీసేవ 2011లో మొదలైనప్పుడు ఇన్ని చర్చలు పెట్టుకుని కూర్చుంటే ఇప్పటికీ కులం సర్టిఫికెట్‌కి మండలం చుట్టూ తిరుగుతూ ఉండేవాళ్లం.

తుంగభద్ర77
మీసేవ కౌంటర్ పెట్టడం వేరు సార్, అప్పీలు ఎవరికో మార్చడం వేరు. మొదటిది నాకు సౌకర్యం, రెండోది నా హక్కు. రెండూ ఒకే సంచిలో వేయకండి.

చిత్తుకాగితం
‘సభ ముందు పెడతారు’ అంటే బల్ల మీద పెడతారు. ఎవరైనా ఎమ్మెల్యే దాన్ని చదివి లేవడం మీరు ఎప్పుడైనా చూశారా?

పాత_ఫైలు
@చిత్తుకాగితం ఒకసారి చూశాను. ఒకే ఒక్కసారి. ఒప్పుకుంటా.

నల్లకోటు
పాత_ఫైలు గారి మాటలో సగం నిజం ఉంది. మామూలుగా ఈ సెక్షన్‌కి మూడు కళ్ళేలుంటాయి: చట్టానికి విరుద్ధంగా ఉండకూడదు, గడువు దాటకూడదు, సభ ముందు పెట్టాలి. కోర్టులు కూడా దీన్ని చూశాయి. బోనస్ చెల్లింపు చట్టం, 1965లో ఇలాంటి సెక్షన్ పెట్టి, ప్రభుత్వ నిర్ణయమే అంతిమం అన్నారు. సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత 1974లో కాంట్రాక్టు కార్మికుల చట్టంలోని ఇలాంటి సెక్షన్‌నే నిలబెట్టింది, అందులో ‘అంతిమం’ అన్న మాట లేదు. అంటే అధికారం ఉండడం తప్పు కాదు. ఎంత వరకు అన్నదే ప్రశ్న. అసలు చట్టం చేసే పనినే ఇంకొకరికి అప్పజెప్పకూడదని 1951లోనే ‘ఢిల్లీ లాస్ యాక్ట్’ కేసులో చెప్పింది.

ఇప్పుడు ఊరికే_అడిగా గారి క్లాజ్ 4 చూడండి. అది ఇబ్బంది తొలగించడం కాదు, చట్టంలో ఉన్న జాబితానే మార్చడం. క్లాజ్ 2 ముందు పెట్టి, దాని నీడలో క్లాజ్ 4 తెచ్చారు.

గడువు పొడిగింపు కొత్తేం కాదు. జీఎస్టీ చట్టం సెక్షన్ 172 చూడండి, మొదట మూడేళ్లు అన్నారు. 2020 ఫైనాన్స్ చట్టంతో ఐదేళ్లు చేశారు. తాత్కాలికం అన్నది సాగుతూనే ఉంటుంది.

బెండకాయ_వేపుడు
తాత్కాలిక అద్దెకి దిగినవాడు తులసికోట కట్టుకున్నట్టు.

గోదారిగట్టు
ఉత్తర్వుతోనే చట్టాన్ని మార్చనిచ్చే ఇలాంటి క్లాజులను ఇంగ్లిష్‌లో ఎనిమిదో హెన్రీ క్లాజులు అంటారు, పేరుకు కారణం తెలుసా? 1539లో ఆ ఇంగ్లండ్ రాజు తన ప్రకటనలకు చట్టంతో సమానమైన బలం ఇచ్చే చట్టం చేయించుకున్నాడు. ఆయన పోగానే 1547లో రద్దు చేసేశారు. పెళ్లాల కథ అందరికీ తెలుసు, ఈ కథ ఎవరికీ తెలియదు.

మోడరేటర్
పెళ్లాల కథ ఇక్కడ వద్దు. విషయం మీద ఉండండి.

కొత్తిమీర_కట్ట
నేను గ్లాస్గోలో ఉంటా. ఇక్కడ అచ్చంగా ఇదే వ్యవహారం ఉంది కాబట్టి చెబుతున్నా. స్కాట్లాండ్‌లో 2010లో ప్రభుత్వ సేవల సంస్కరణ చట్టం చేశారు. దాని రెండో భాగం కింద సేవలు మెరుగుపరచడానికి, భారం తగ్గించడానికి మంత్రులు ఉత్తర్వుతో చట్టాలను మార్చొచ్చు. ఆ అధికారానికి ఐదేళ్ల ఆయుష్షు. పార్లమెంట్ మళ్లీ ఒప్పుకుంటేనే ఇంకో ఐదేళ్లు. 2015లో, 2020లో అలాగే పొడిగించారు. ఉత్తర్వు ముసాయిదాను కూడా ముందు జనంలో పెట్టాలి, పార్లమెంట్‌కి చూసే టైం ఇవ్వాలి. ‘అవసరమైన రక్షణ ఏదీ తీసేయకూడదు’ అని షరతు ఉంది. నాకు నచ్చింది ఆ షరతే. మీ క్లాజ్ 4లో అలాంటి వాక్యం ఉందా?

ఊరికే_అడిగా
ఇప్పుడే మళ్లీ వెతికాను. లేదు. ‘ప్రజా ప్రయోజనం దృష్ట్యా సముచితమని భావించిన యెడల’ అని మాత్రం ఉంది.

తుంగభద్ర77
‘భావించిన యెడల’ 😂 ఎవరు భావించాలి, ఎప్పుడు భావించాలి?

వేపచెట్టు
అప్పీలు దగ్గర ఎందుకు భయపడాలో నేను చెబుతా. భూమి రికార్డులు ఆన్‌లైన్‌కి మారినప్పుడు మా నాన్న పేరులో ఒక అక్షరం పోయింది. ‘వీరయ్య’ కాస్తా ‘వీయ్య’ అయింది. పాత పద్ధతిలో అయితే పై అధికారికి అర్జీ పెట్టుకుంటే సరిపోయేది. కొత్త పద్ధతిలో ఆఫీసులో ఎవరిని అడిగినా ‘సిస్టంలో ఆప్షన్ లేదు’ అనేవాళ్లు. కోర్టుకు వెళ్లండి అన్నారు. ఒక్క అక్షరానికి సివిల్ కోర్టా? రెండేళ్లు బ్యాంకు లోన్ రాలేదు. నాన్న చివరికి ‘వీయ్య’ అని సంతకం పెట్టడం ప్రాక్టీస్ చేశాడు, నవ్వాలో ఏడవాలో తెలియలేదు మాకు.

చిత్తుకాగితం
తెలంగాణలో ఈ పాఠం పెద్ద ఎత్తున నేర్చుకున్నాం. 2020లో కొత్త పట్టాదారు పాసుపుస్తకాల బిల్లు సెప్టెంబరు 9న సభలోకి వచ్చింది, 11న అసెంబ్లీ, 14న శాసన మండలి, అయిపోయింది. మా ఊళ్లో పెళ్లిచూపులకి కూడా అంతకంటే ఎక్కువ టైం పడుతుంది. రెవెన్యూలో అప్పీలుకు దారి లేక జనం కోర్టుల చుట్టూ తిరిగారు. 2024లో దాని స్థానంలో కొత్త ముసాయిదా తెచ్చినప్పుడు ముందు సైట్‌లో పెట్టి అభిప్రాయాలు అడిగారు. డిసెంబరులో భూభారతి బిల్లు పాసయింది, అందులో అప్పీలు మెట్లు తిరిగి వచ్చాయి. జనం రాసినందువల్లే వచ్చాయని నేను అనను, అప్పటికే గోల చాలా ఉంది. కానీ రాయడానికి చోటు ఉంది.

గోదారిగట్టు
ఆంధ్రాలో భూ యాజమాన్య హక్కు చట్టం కథా అంతే కదా. సివిల్ కోర్టులకు వెళ్లే దారి మూసేస్తున్నారని లాయర్లు రోడ్డెక్కారు. 2024లో రద్దయింది. ముందే కూర్చోబెట్టి మాట్లాడుంటే…

సైకిల్‌ఫ్యాన్సు_కాదు
మీ ఇద్దరూ ఏ పార్టీ వాళ్లో అర్థమైంది.

చిత్తుకాగితం
రెండు రాష్ట్రాల్లో మూడు ప్రభుత్వాల గురించి మాట్లాడాం, నేను ఏ పార్టీయో నాకే అర్థం కావట్లేదు, మీకెలా అర్థమైంది స్వామీ?

మోడరేటర్
పార్టీ మాటలు తీసేస్తాను. ఒకసారి చెప్పాను.

తుంగభద్ర77
భాష గురించి ఎవరూ మాట్లాడలేదేం? మన రాష్ట్రం బిల్లు, మన జనం కోసం, ఇంగ్లిష్‌లో. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా గుర్తుందా? ఇంగ్లిష్, హిందీల్లోనే వచ్చింది. ఢిల్లీ హైకోర్టు జూన్ 30న, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నిటిలోకీ అనువదించమని చెప్పి, గడువు ఆగస్టు 11 దాకా పెంచింది. కేంద్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రజాభిప్రాయ సేకరణలో జనం స్పందించే గడువును 30 నుంచి 20 రోజులకు తగ్గించాలన్న ప్రతిపాదన ఆ ముసాయిదాలోనే ఉంది, అదీ విచిత్రం. అభిప్రాయాలు లక్షల్లో వెళ్లాయి. ఆ ముసాయిదా తుది నోటిఫికేషన్‌గా రానే లేదు.

బెండకాయ_వేపుడు
మనకి తెలుగులో ఇచ్చినా ‘యెడల’, ‘గావించవలసినదిగా’ అని ఇస్తారు. దానికంటే ఇంగ్లిష్ నయం.

పాత_ఫైలు
ఆ ‘గావించవలసినదిగా’ రాసినవాళ్లలో నేనూ ఒకడిని. క్షమించండి. అలా రాయకపోతే పై నుంచి ఫైల్ వెనక్కి వచ్చేది.

జీతం_పడిందా
అందరం కలిసి ఒకే మెయిల్ తయారు చేసి పదివేలమందితో పంపిస్తే? ఫార్వర్డ్ కొట్టేద్దాం, దెబ్బకి దిగొస్తారు.

నల్లకోటు
వద్దు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఉదాహరణ చూడండి. 2015 మార్చిలో ఇంటర్నెట్ సేవల మీద 118 పేజీల పత్రం ఇచ్చి 20 ప్రశ్నలు అడిగింది. పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. ఆ ఏడాది డిసెంబరులో టారిఫ్ తేడాల మీద ఇంకో పత్రం ఇచ్చినప్పుడు ఫేస్‌బుక్ తన ఫ్రీ బేసిక్స్ (కొన్ని సైట్లు మాత్రమే ఉచితంగా ఇచ్చే పథకం) కోసం ఒకే రకం మెయిళ్లు కుప్పలుగా పంపించింది. ‘మేం అడిగిన ప్రశ్నలకు ఇందులో జవాబు లేదు’ అని ట్రాయ్ మొహం మీదే చెప్పింది. 2016 ఫిబ్రవరి 8న ఒక్కో వెబ్‌సైట్‌కి ఒక్కో రేటు కుదరదని తేల్చేసింది. సంఖ్య పేపర్లో హెడ్డింగ్ అవుతుందేమో, ఫైల్లో మాత్రం పని చేసేది వాదనే.

వేపచెట్టు
ఆ మొదటిసారి పంపినవాళ్ల మెయిల్ ఐడీలతో సహా మొత్తం సైట్‌లో పెట్టేసింది ట్రాయ్! పది లక్షల ఐడీలు. పారదర్శకత అంటే అదీ.

జీతం_పడిందా
నాయనో. అయితే నా ఆఫీసు మెయిల్ నుంచి పంపను.

కరెంటుబిల్లు
ఎలా రాయాలో నా పద్ధతి చెబుతా. ఉపోద్ఘాతాలు, ‘తమరి పాలనలో’ లాంటివి వద్దు. క్లాజ్ నంబరు వేయండి. ఉన్న మాట యథాతథంగా రాయండి. దాని కింద, మీరు కోరే మాట రాయండి. దాని కింద కారణం మూడు వాక్యాల్లో. ఒక్క సొంత అనుభవం, వేపచెట్టు వాళ్ల నాన్నగారిది లాంటిది, ఉంటే చాలు. నాలుగు పేజీలు దాటితే విచారణల్లో కూడా మాకే విసుగొస్తుంది, వాళ్లకి రాదా? క్లాజ్ 2 మీద ఒకటి, క్లాజ్ 4 మీద ఒకటి, విడివిడిగా. రెండూ కలిపి ‘వ్యతిరేకిస్తున్నాం’ అంటే గుమాస్తా ఒక గీత గీసి ‘వ్యతిరేకం: 1’ అని రాసుకుంటాడు.

పాత_ఫైలు
నూటికి నూరు శాతం అలాగే రాసుకుంటాడు. మేము ఒక పట్టిక తయారు చేసేవాళ్లం: క్లాజ్, అభిప్రాయం, శాఖ వ్యాఖ్య. క్లాజ్ నంబరు ఉన్నవే పట్టికలోకి ఎక్కేవి. నంబరు లేనివి ‘ఇతరములు’. ఇతరములు పై అధికారి దాకా వెళ్లడం అరుదు.

ఇంకొకటి. ‘పొడిగింపు వద్దు’ అని రాయకండి, నెగ్గదు. ‘పొడిగించండి కానీ ఏడాదికే, ఇచ్చిన ప్రతి ఉత్తర్వూ ముందు 30 రోజులు సైట్‌లో ఉంచండి, అప్పీలు, గడువులు ముట్టుకోవద్దు’ అని రాయండి. ఇలాంటిది శాఖ ఒప్పుకోవడానికి దారి ఉంటుంది. ‘తిరస్కరించడమైనది’ అని రాయడం మాకు చాలా తేలిక.

తుంగభద్ర77
మొదటి పోస్టులో భయపడాల్సిందేమీ లేదన్న మీరేనా ఈ సలహా ఇస్తున్నది?

పాత_ఫైలు
క్లాజ్ 2కి భయపడక్కర్లేదన్నాను. క్లాజ్ 4 నేను ఇప్పుడు చదివాను. మా కాలంలో అంత ధైర్యం ఉండేది కాదు.

కొత్తిమీర_కట్ట
కారణాలు చెప్పమని కూడా అడగండి. కోర్టులు కారణాలు చూస్తాయి కదా అక్కడ?

నల్లకోటు
చూస్తాయి. కాల్ డ్రాప్ కేసు. కాల్ తెగితే రూపాయి, రోజుకి మూడు దాకా, వాడకందారుకి ఇవ్వాలని ట్రాయ్ 2015లో రెగ్యులేషన్ చేసింది. అభిప్రాయాలు అడిగింది కూడా. అయినా 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏకపక్షంగా ఉంది, పారదర్శకత లోపించింది అంది. అమెరికాలో 1946 నాటి చట్టంలాగా, నోటీసు ఇచ్చి అభిప్రాయాలు తీసుకోవడాన్ని తప్పనిసరి చేసే చట్టం తెమ్మని పార్లమెంట్‌కి సూచించింది. పార్లమెంట్ ఇంకా తేలేదు.

బెండకాయ_వేపుడు
రూపాయి పోయె, చట్టమూ రాకపోయె.

ఊరికే_అడిగా
అప్‌డేట్. రెండు పేజీలు రాశాను. మెయిల్ పంపితే ‘మెయిల్‌బాక్స్ నిండిపోయింది’ అని వెనక్కి వచ్చింది.

జీతం_పడిందా
చూశారా, జనం స్పందన వెల్లువ!

వేపచెట్టు
లేదా 2019 నుంచి ఎవరూ ఖాళీ చేయలేదు.

కరెంటుబిల్లు
ఆ వెనక్కి వచ్చిన మెయిల్ స్క్రీన్‌షాట్ దాచుకోండి, పనికొస్తుంది. పోస్టులో పంపండి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో.

గోదారిగట్టు
రిజిస్టర్డ్ పోస్ట్ 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. అందుకు మనల్ని అడిగారా అని మాత్రం అడక్కండి.

ఊరికే_అడిగా
పోస్టు వద్దనుకుని నేనే వెళ్లాను. బస్సులో రెండు గంటలు. ముసాయిదా ఏ సెక్షన్‌లో తీసుకుంటారో గేటు దగ్గర తెలియదు, రెండో అంతస్తులో తెలియదు, నాలుగో అంతస్తులో ఒకాయనకి తెలుసు. ఆయన నా రెండు పేజీలూ నిలబడే చదివాడు. ఇన్‌వర్డ్ నంబరు వేసి స్టాంపు కొట్టాడు. ఇంకెవరైనా ఇచ్చారా అంటే, ‘ఇద్దరు ముగ్గురు ఇచ్చారండీ, ఒకాయన వాళ్ల వీధిలో డ్రైనేజీ గురించి రాశాడు’ అన్నాడు.

నేను మీకోసం క్లాజ్ 2, క్లాజ్ 4 తెలుగులో ఒక పేజీ నోట్ కూడా రాసుకున్నా, అది చేతిలో చూసి, ‘అది కూడా ఒక కాపీ ఇస్తారా’ అని అడిగాడు. ఫైల్లో పెట్టడానికా అన్నాను. ‘కాదండీ, జనం ఫోన్ చేసి ఇందులో ఏముందని అడుగుతున్నారు, నాకూ ఏం చెప్పాలో తెలియట్లేదు.’

పాత_ఫైలు
ఆ నోట్ ఇక్కడ కూడా పెట్టండి. ‘గావించవలసినదిగా’ ఉంటే నేను దిద్దుతా.

తుంగభద్ర77
గడువు ఇంకో వారం పెంచారని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. నిజమేనా?

ఊరికే_అడిగా
చూద్దామంటే పొద్దున్నుంచి సైట్ తెరుచుకోవట్లేదు.